తేలినీలాపురం కొంగలు అచ్చులో మసకబారడం గురించి

ట్యాబ్‌లో వేసిన మీ తేలినీలాపురం (శ్రీకాకుళం జిల్లా) కొంగల బొమ్మ అచ్చులో మసకబారిందని అడిగారు కదా, ప్రెస్సు తప్పు కాకపోవచ్చండి. మీ ఫైలు ఆర్‌జీబీలో, అంటే తెర ఎరుపు, పచ్చ, నీలం వెలుతురుతో రంగులు చూపే పద్ధతిలో ఉందన్నారు, ట్యాబ్‌లో మెరిసిన ఆ నారుమడి పచ్చ, కొంగ రెక్క చివరి గులాబీ నాలుగు సిరాలతో అలాగే రావు.

1. ముందు ప్రెస్సుకి ఫోన్ చేసి ఏ కాగితమో, ఏ కలర్ ప్రొఫైలో (ఆ అచ్చులో రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడగండి. అందరూ వదిలేసేది ఇదే. సీఎంవైకే (అచ్చు వాడే నాలుగు సిరాల పద్ధతి) అని నొక్కేసి పని అయిపోయిందనుకుంటారు. నున్నటి పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీద నిలిచే రంగుని, పూత లేని మ్యాప్‌లిథో కాగితం పీల్చేసుకుంటుంది. నేను సిరిమాను పండగ బొమ్మ వేసినప్పుడు ఆ ఒక్క ఫోన్ చేయక, పసుపు చీరలన్నీ ఆవపిండి రంగులో వచ్చాయి!

2. బొమ్మలేసే సాఫ్ట్‌వేర్ క్రితా, ఫోటోషాప్ ఏదైనా సరే, ఆ ప్రొఫైల్ పెట్టి కంట్రోల్, వై కలిపి నొక్కండి. అచ్చులో ఎలా పడుతుందో దాదాపు అలాగే కనిపిస్తుంది. తెర బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి.

3. పచ్చలో మెజెంటా (ముదురు గులాబీ సిరా), గులాబీలో సయాన్ (లేత నీలం సిరా) ఉంటే తీసేయండి. బురద రంగు వాటివల్లే. కొంగ వెనక చింతచెట్టుని కాస్త ముదురు చేస్తే గులాబీ దానంతటదే లేస్తుంది.

4. అదే కాగితం మీద ఒక్క పేజీ ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి, పగటి వెలుతురులో చూసి ఓకే చెప్పండి.