కాటాను నమ్ముకోకండి

పరాయి దేశం వచ్చి ఏడాది తిరక్కముందే మన పిల్లలు నన్ను అడిగే మాట ఒకటే: "అన్నా, పొట్ట వచ్చేసింది, ఏం చేయమంటావు?" వచ్చిన కొత్తలో నాకూ అదే జరిగింది. నడక పోయింది, రోజంతా కుర్చీలోనే, ఆకలేస్తే చేతికందిన ప్యాకెట్ విప్పడమే. రెండేళ్లకి 11 కిలోలు ఎక్కాను. అప్పుడు నేను చేసిన పని మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కడుపు మాడ్చుకుని, రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తాను. నాలుగు నెలల్లో 10 కిలోలు తగ్గాయి. కాటా మీద నిలబడి సంబరపడ్డాను. అద్దంలో చూసుకుంటే చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం అక్కడే ఉంది. తగ్గిన బరువులో కండ కూడా పోయిందని నాకు అప్పుడు తెలియదు. మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టాక ఏడాదిలోపే బరువంతా తిరిగొచ్చింది. పోయిన కండ మాత్రం రాలేదు.

మన ఒళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో పక్కపక్కనే వచ్చింది. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్ గారు, ఇంకొకరు బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్ గారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) ఒకటే, 22.3. కానీ యుడ్కిన్ గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగానే ఉండి లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండటం మనలో మామూలు. అందుకే బీఎంఐ 25 లోపు ఉంటే చాలని ఊరుకోకండి, ఆసియా వాళ్లు 23 దాటగానే జాగ్రత్తపడాలి. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకుండా చూసుకోవాలి. ఒక టేపు కొనుక్కోండి, కాటా కంటే అదే నిజం చెబుతుంది.

మరి ఏం చేయాలి? బరువులెత్తండి. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట చాలు. స్క్వాట్ (బరువుతో గుంజీలు), డెడ్‌లిఫ్ట్ (నేలమీది బరువు పైకెత్తడం), బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టడం), రో (వంగి బరువు ఒంటివైపు లాగడం), భుజాల ప్రెస్ (తలపైకి ఎత్తడం): ఈ ఐదూ ఒళ్లంతా పనిచేయిస్తాయి. జిమ్‌లో పెద్ద రాడ్డు ఖాళీగానే 20 కిలోలుంటుంది. అది బరువనిపిస్తే చిన్న డంబెల్స్‌తో మొదలుపెట్టండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక్కోదానికి మూడు సెట్లు (విడతలు), సెట్టుకి 8 నుంచి 12 సార్లు. చివరి రెండు మూడు కష్టంగా రావాలి, కానీ నడుము వంకర పోకూడదు. 12 తేలిగ్గా వచ్చిన రోజున కొంచెం బరువు పెంచండి. ఏ రోజు ఎంత ఎత్తారో రాసుకోండి. అది రాసుకోకపోవడం వల్ల నేను ఏడాదిపాటు అవే బరువుల దగ్గర ఉండిపోయాను.

అమ్మాయిలు "మగవాళ్లలా కండలొచ్చేస్తాయేమో" అని భయపడతారు. రావు తల్లీ. కండ పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ మీకు చాలా తక్కువ. వచ్చేది బలం, ఎముకలకి గట్టిదనం. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా పొట్ట ఒక్కటే కరగదు. కొవ్వు ముందు ఎక్కడ తగ్గాలో మనం నిర్ణయించలేం.

తిండి దగ్గరికొద్దాం, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కండ పెరగాలంటే కిలో శరీర బరువుకి దాదాపు 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల మనిషికి రోజుకు 112 గ్రాములు. మూడు గుడ్లలో 18, వండిన 150 గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో 46, పెద్ద కప్పు ఉడికిన పప్పులో 18, అర లీటరు పాలలో 16. ఇక్కడికి 98 అయింది, గిన్నెడు పెరుగుతో దగ్గరకొచ్చేస్తారు. శాకాహారులు పనీర్, సోయా చంక్స్ తెచ్చుకోండి. 50 గ్రాముల ఎండు సోయాలోనే పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. విటమిన్ బీ12 ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఎండ తక్కువ దేశాల్లో ఉంటే విటమిన్ డీ కూడా.

అన్నం మానేయాల్సిన పనిలేదు, కొలిచి పెట్టుకుంటే చాలు. అసలు లెక్క తప్పేది నూనెలో. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. చూసుకోకుండా మూడు చెంచాలు ఎక్కువ పోస్తే 360, అరగంట పరుగు అక్కడికే చెల్లు. రోజూ తినేదాంట్లో 400 కేలరీలు తగ్గించండి. కిలో కొవ్వుకి సుమారు 7700 కేలరీలు కాబట్టి, కిలో కరగడానికి 19 రోజులు పడుతుంది. నెమ్మదిగా అనిపిస్తుంది, అయినా అంతకంటే తొందరపడితే నాలాగే కండ పోగొట్టుకుంటారు. మొదటి వారంలో రెండు కిలోలు దిగినా అందులో ఎక్కువ భాగం నీళ్లే. ప్యాకెట్ మీద అంకెలు చదివేటప్పుడు అవి 100 గ్రాములకా, ఒక్క వడ్డనకా అని చూడండి. వడ్డన అని వాళ్లు రాసేది చాలాసార్లు మనం తినేదానికంటే తక్కువే ఉంటుంది.

పౌడర్లు తప్పనిసరి కాదు. తిండితో ప్రొటీన్ అందకపోతే వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పౌడర్), బలానికి క్రియాటిన్ (కండకి శక్తినిచ్చే పౌడర్) రోజుకు 3 నుంచి 5 గ్రాములు, అంతకుమించి దేనికీ డబ్బు పెట్టకండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, షుగరుకి మందులు వాడేవాళ్లు వీటికి ముందే డాక్టర్ని అడగాలి.

నైట్ డ్యూటీలు, అర్ధరాత్రి కాల్స్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. 2010లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. పదిమందికి తిండి తగ్గించి, ఒక విడత రెండు వారాలు రోజుకు ఎనిమిదిన్నర గంటలు, మరో విడత రెండు వారాలు ఐదున్నర గంటలు నిద్రకి కేటాయించారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ నిద్ర చాలనప్పుడు కరిగిన కొవ్వు సగం కంటే తక్కువే, ఆ మేరకు కండ లాంటి కొవ్వు కాని భాగం ఎక్కువ పోయింది. నేను ఆకలితో పరిగెత్తిన ఆ నాలుగు నెలలూ ఐదు గంటలే పడుకునేవాణ్ణి. కాబట్టి ఈ వారమే జిమ్‌లో చేరాలని ఉన్నా, ముందు పడుకునే వేళ సరిచేసుకుని, నడుము కొలత రాసిపెట్టుకుని, తర్వాత చేరండి. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలిచి చూసి, అప్పుడు నాకు ఫోన్ చేయండి.