తల్లి పోలిక తిట్టెలా అయింది?

ప్రశ్న: నా వయసు 47. మాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి 19, చిన్నవాడికి 15. ఒకే తల్లి కడుపున పుట్టారు, ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే స్కూల్లో చదివారు. పెద్దవాడు ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. చిన్నవాడు పూర్తిగా వేరు. నలుగురిలోకి రాడు. ఉన్నది ఒక్కడే స్నేహితుడు. పాడైపోయిన గడియారాలు, రేడియోలు ముందేసుకుని గంటలు గంటలు కూర్చుంటాడు. పసివాడుగా ఉన్నప్పుడు కూడా కొత్తవాళ్లు ఎత్తుకుంటే ఏడ్చేవాడు. స్కూల్లో వేసిన కొత్తలో చాన్నాళ్లు గోడకి ఆనుకుని మిగతా పిల్లల ఆట చూస్తూ నిలబడేవాడట. ఇంటర్నెట్‌లో ఒక పర్సనాలిటీ టెస్ట్ రాయిస్తే ఇంట్రావర్ట్ అని వచ్చింది. ఇదంతా తల్లి పోలిక. ఆవిడా అంతే, వాళ్ల పుట్టింటివాళ్లూ అంతే, ఎవరికీ నోరు పెగలదు. దానికి తోడు గారాబం. ఈమధ్య ఇంటికి బంధువులొచ్చినప్పుడు ఏదైనా మాట్లాడరా అంటే గుడ్లప్పగించి నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ‘అంతా మీ అమ్మ పోలికే వచ్చి చచ్చింది’ అన్నాను. మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అది వేరే విషయం అనుకోండి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా. పది రోజుల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్యాంపులో చేర్పిస్తే వీడు మారతాడా? లేక వయసు దాటిపోయిందా?

జవాబు: క్యాంపు సంగతి ముందు తేల్చేద్దాం. పంపకండి. వాడంతట వాడు వెళ్తానంటే ఆలోచించవచ్చు గానీ, ఇంత పెద్ద ఉత్తరంలో వాడేమనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. పది రోజుల్లో మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడడం నేర్పగలరేమో. స్వభావాన్ని మార్చే క్యాంపులు లేవు.

ఇక మీరు ‘అది వేరే విషయం’ అని పక్కకి నెట్టేశారే, దాని గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరం రెండోసారి చదువుతూ మీవాడు చేసిన తప్పేమిటా అని వెతికాను. చదువు పాడుచేసుకున్నాడని లేదు. అబద్ధాలాడతాడని లేదు. ఎవరితోనూ గొడవల్లేవు. ఒక స్నేహితుడున్నాడు, గంటల తరబడి మనసు పెట్టి చేసే పని ఒకటుంది. పదిహేనేళ్లవాడికి ఇంతకంటే ఏం కావాలి? తప్పులన్నీ ఉన్నది ఆవిడ ఖాతాలో. ఆవిడకి నోరు పెగలదు, పుట్టింటివాళ్లూ అంతే, గారాబం చేసింది ఆవిడే, చివరికి పోలిక కూడా ఆవిడదే. ఆవిడ మీద ఎన్నాళ్లనుంచో కూడబెట్టుకున్న అసంతృప్తిని మీరిప్పుడు పిల్లవాడి మీదుగా చెబుతున్నారు. అది ఆవిడకి అర్థమైంది కాబట్టే లేచి వెళ్లిపోయింది. మీకు తల కొట్టేసినట్టయిందని రాశారు. బంధువుల ముందు అంత మాట పడ్డ మనిషికి ఎలా అనిపించిందో మాత్రం రాయలేదు.

మీరొక్కరే ఇలా రాస్తారని కాదు. తల్లుల దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల్లో ఆ మొండితనం నాన్నదో మేనత్తదో అవుతుంది. మార్కులు బాగా వచ్చినప్పుడు మాత్రం ఎవరి పోలికో ఇద్దరికీ అనుమానం ఉండదు.

సరే, పోలిక అన్నారు కాబట్టి అదేమిటో చూద్దాం. వాడి జన్యువుల్లో సగం మీవి. ఈ సగం మాటకారితనం, ఆ సగం మౌనం అని విడివిడిగా కట్టలు కట్టి ఉండవు. ఒక గుణానికి ఒక జన్యువు అంటూ లేదు. ఎన్నో చిన్న చిన్న తేడాలు కలిసి మనిషి స్వభావాన్ని ఒక వైపుకి కొద్దిగా మొగ్గేలా చేస్తాయి. మీ ఇద్దరి నుంచి ఏవి ఏ కలయికలో వస్తాయన్నది ప్రతి బిడ్డకీ కొత్తగా జరిగే పంపకం. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా పడేది సగటున సగమే. అందుకే ఇద్దరు మాటకారులకి ఒక మౌని పుట్టొచ్చు. మీలో ఎప్పుడూ బయటపడని గుణం మీవాడిలో బయటపడొచ్చు. కాబట్టి ఇది ఆవిడ వైపు నుంచే వచ్చిందని మీరంత గట్టిగా ఎలా చెప్పగలరు?

గారాబం సంగతి. 1979లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ అనే ఆయన, పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలను వెతికి పట్టుకుని పరీక్షించడం మొదలుపెట్టారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు వేర్వేరు తల్లుల చేతుల్లో పెరిగినా, ఒకే ఇంట్లో పెరిగిన కవలలు ఎంత దగ్గరగా ఉంటారో దాదాపు అంత దగ్గరగానే ఉన్నారు స్వభావంలో. ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య కనిపించే స్వభావపు తేడాల్లో 40 నుంచి 50 శాతం దాకా పుట్టుకతో వచ్చిన తేడాలదే. మిగతాదంతా పెంపకమే అనుకుంటారేమో. కాదట. ఒకే ఇంట్లో పెరగడం వల్ల అన్నదమ్ములు ఒకరిలా ఒకరు తయారవడం చాలా తక్కువ. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డేనియల్స్ అనే ఇద్దరు సరిగ్గా మీరడిగిన ప్రశ్నే అడిగారు, ఒకే ఇంటి పిల్లలు ఇంత వేరుగా ఎందుకుంటారని. ఆ ఇంట్లో ఎవరికి వారికి విడిగా జరిగేవే ఎక్కువ తేడా తెస్తాయని తేల్చారు. విడిగా ఎదురయ్యే స్నేహితులు, టీచర్లు, జబ్బులు, కొన్ని యాదృచ్ఛికాలు.

‘ఒకే ఇంట్లో పెరిగారు’ అన్న మీ మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే. మీ పెద్దవాడికి ఆ ఇంట్లో అన్నయ్య లేడు. చిన్నవాడికి ఉన్నాడు, అదీ గదిలోకి రాగానే అందరి చూపూ తన మీదికి తిప్పుకునే అన్నయ్య. వాడు నోరు తెరిచేలోగా ఆ మాట అన్నయ్య అనేసి ఉంటాడు. వచ్చినవాళ్లు పెద్దవాడితో నవ్వడం, తర్వాత వీడివైపు తిరిగి ‘నువ్వేంట్రా, మాట్లాడవూ’ అనడం వాడికి బాగా తెలిసిన వరస అయి ఉంటుంది. పెద్దవాడి చిన్నతనంలోని నాన్న, వీడి చిన్నతనంలోని నాన్న కూడా ఒకరు కారు. నాలుగేళ్లలో ఉద్యోగాలు మారతాయి, ఆరోగ్యాలు మారతాయి, మొగుడూపెళ్లాలు మాట్లాడుకునే తీరు మారుతుంది.

అంటే పెద్దవాడు పెద్దవాడిగా పుట్టినందుకు ఇలా, చిన్నవాడు చిన్నవాడిగా పుట్టినందుకు అలా అయ్యారని నేననడం లేదు. ఆ నమ్మకం పాతదే. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా మనుషుల వివరాలు తీసుకుని 2015లో చూస్తే, పుట్టిన వరసకీ కలుపుగోలుతనానికీ సంబంధమేమీ కనిపించలేదు.

మీకే తెలియకుండా మీ ఉత్తరంలో మీవాడి పక్షాన సాక్ష్యం ఒకటి రాశారు. పసితనంలో కొత్తవాళ్ల చేతుల్లో ఏడ్చేవాడు, స్కూల్లో గోడకి ఆనుకుని చూసేవాడు అన్నారు కదా. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 130 మందికి పైగా పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించే పని మొదలుపెట్టారు. వాళ్లలో దాదాపు 15 శాతం మంది అచ్చం మీవాడే. కొత్త చోటుకి వెళ్తే ముందు వెనక్కి తగ్గుతారు. పక్కన నిలబడి చూస్తారు. తోయకుండా ఉంటే, వాళ్ల సమయానికి వాళ్లు వచ్చి కలుస్తారు. జెరోమ్ కేగన్ అనే మనస్తత్వవేత్త అయితే నాలుగు నెలల పసివాళ్ల దగ్గరే ఇది చూశారు. కొత్త బొమ్మ, కొత్త గొంతు, కొత్త వాసన ఎదురవగానే అయిదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుని ఏడ్చారు. పెద్దయ్యాక జంకు ఎక్కువగా కనిపించింది ఆ గుంపులోనే. వాళ్లందరూ అలా అవలేదు, చాలామంది మధ్యరకంగా సర్దుకున్నారు. నాలుగు నెలల బిడ్డకి గారాబం అంటగట్టలేం కదా.

థామస్, చెస్ ఇంకో మాట కూడా చెప్పారు. మీకు కావలసింది అదే. పిల్లవాడి స్వభావం ఏదైనా, దానంతట అదే సమస్య అవలేదు. ఇంట్లోవాళ్లు వాడి నుంచి కోరుకునేదానికీ వాడి స్వభావానికీ పొసగనప్పుడు సమస్య మొదలైంది. మీ ఇంట్లో పొసగనిది ఏది? బంధువుల ముందు చటుక్కున మాట్లాడాలన్న కోరిక మీది. గోడ పక్కన కాసేపు నిలబడి గాని కదలని స్వభావం వాడిది. ఆ రోజు వాడు నిలబడ్డ తీరు స్కూల్లో నిలబడ్డ తీరే. స్కూల్లో ఆ తర్వాత ఏమైందో మీరు రాయలేదు. ఆటలో కలిసే ఉంటాడు, లేకపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదుల్లో చేరేది.

ఇంటర్నెట్ టెస్ట్ గురించి ఎక్కువ చెప్పను. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ 39 మంది విద్యార్థులకి టెస్ట్ పెట్టి, నీ స్వభావం ఇదీ అని ఒక్కొక్కరికీ విడివిడిగా కాగితం ఇచ్చారు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అన్ని కాగితాల్లోనూ ఉన్నది ఒకే రాత, అదీ జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినది. మీవాడు ఎక్కువ మాట్లాడడని తెలుసుకోవడానికి మీకు టెస్ట్ అవసరం లేదు. ఆ ఫలితం పట్టుకుని ‘చూశావా’ అని ఆవిడకి చూపించి ఉంటే మాత్రం ఆ సంగతి నాకు చెప్పండి. లేదా చెప్పకండి, నేను ఊహించుకోగలను.

మొక్క, మాను సామెత వదిలేయండి. ఏళ్ల తరబడి అవే మనుషులను గమనించిన 92 అధ్యయనాలను 2006లో కలిపి చూశారు. 20, 40 ఏళ్ల మధ్యే మనుషుల్లో ఎక్కువ మార్పు కనిపించింది. బాధ్యత, నిలకడ, నలుగురిలో తన మాట చెప్పుకునే ధైర్యం ఆ వయసులోనే పెరుగుతాయి. మీవాడికింకా పదిహేను. ముప్పై ఏళ్లకి కూడా వాడు సందడి మనిషి అవకపోవచ్చు. అవసరమైన చోట మాత్రం మాట్లాడతాడు. మాట్లాడడం తప్పనిసరి అయినప్పుడు వాడి తల్లి ఇన్నేళ్లుగా ఎలా నెట్టుకొచ్చిందో అడిగి తెలుసుకోవచ్చు, మీరు అడగనిస్తే.

ఒక్క జాగ్రత్త. మాట తక్కువ కావడం వేరు, భయం వేరు. ఆ ఒక్క స్నేహితుడి దగ్గరికీ వెళ్లడం మానేసినా, స్కూలంటేనే వణికినా, గడియారాల మీద కూడా మనసు పోకపోయినా, నిద్రా తిండీ తేడా చేసినా ఆలస్యం చేయకుండా సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. దానికి సిగ్గుపడక్కర్లేదు. మీరు రాసినదాంట్లో అవేమీ లేవు.

పెద్దవాడికి కూడా ఇందులో వాటా ఉంది. ‘ఇట్టే కలిసిపోతాడు’ అని పేరు పడ్డ పిల్లలు ఒక్కోసారి దిగులుగా ఉన్నా నవ్వుతూ తిరుగుతారు, ఇంట్లో తమ పని అదే అనుకుంటారు. తమ్ముడితో పోల్చి పొగిడితే అది వాడికీ బరువే. పైగా రేపు మీ తర్వాత ఒకరికొకరు మిగలాల్సినవాళ్లు.

ఇప్పుడు చేయాల్సిన పని. క్షమాపణ చెప్పాలి, ముందు ఆవిడకి. పిల్లల విషయంలో నేను తండ్రులకి చాలా వెసులుబాటు ఇస్తాను గానీ, పదిమందిలో పెళ్లాన్ని చిన్నబుచ్చి మాట్లాడడం దగ్గర నేనెవరికీ సర్ది చెప్పను. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషని తెలిసే చేసుకున్నారు, ఆ మౌనంతోనే ఇన్నేళ్లు మీ ఇల్లు నడిచింది. మీ కోపతాపాలు కొన్ని ఆ మౌనంలోనే సద్దుమణిగి ఉంటాయి. అప్పుడు లేని తప్పు కొడుకులో కనిపించేసరికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

పిల్లలిద్దరూ ఇంట్లో లేని సమయం చూసుకోండి. ‘వాడి భవిష్యత్తు గురించి టెన్షన్‌తో అలా అనేశాను’ అని మొదలుపెట్టకండి, అది క్షమాపణ కాదు, సంజాయిషీ. ‘ఆ రోజు అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాను, తప్పు నాదే’ అనండి, అక్కడితో ఆపండి. తర్వాత పిల్లలిద్దరి ముందూ ఒక్కసారి ఆ మాటే అనండి. వాళ్లు విన్న అవమానాన్ని వాళ్లు వింటుండగానే వెనక్కి తీసుకోవాలి. చిన్నవాడితో ప్రత్యేకంగా ఉపన్యాసాలేమీ వద్దు. ఈసారి బంధువులొస్తే ‘వాడు కాసేపయ్యాక వస్తాడులెండి’ అనేసి మీరు మాట్లాడుకోండి.

ఆవిడ వెంటనే మెత్తబడుతుందని మాటివ్వలేను. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. లేదా ఇన్నేళ్లుగా అనని మాటలన్నీ ఆ రోజే అనవచ్చు. అంటే మాత్రం మధ్యలో అందుకోకండి.