తూటాలు కొని దాచిపెడితే లాభం వస్తుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది, ఇంట్లో ఒక 9 ఎంఎం పిస్టల్ ఉంది. ఎన్నికల తర్వాత తుపాకుల చట్టాలు బిగిస్తారని, ఇప్పుడే 5,000 డాలర్ల తూటాలు కొనిపెడితే రెట్టింపు రేటుకి అమ్ముకోవచ్చని మా ఫ్రెండ్ అంటున్నాడు. తను హెచ్1బీ మీద ఉన్నాడు. చెరిసగం వేసుకుందామంటున్నాడు. నా వాటా క్రెడిట్ కార్డు మీద పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు. అంతకంటే ముందు మీ ఫ్రెండ్ సంగతి చూద్దాం. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి, మరికొందరికి మాత్రమే మినహాయింపు ఉంది. రూపాయి తీసేముందు ఆయన్ని ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. లాభం సంగతి దేవుడెరుగు, వీసాకే ఎసరొస్తుంది.

రేట్ల గురించి ఆయన చెప్పింది సగం నిజం. 2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిగాక, ఒబామా ప్రభుత్వం ఆంక్షలు తెస్తుందన్న భయంతో జనం షాపుల మీద పడ్డారు. ఆ బిల్లులు 2013లో సెనేట్‌లోనే ఆగిపోయాయి. అయినా అన్నిటికంటే చవకైన .22 తూటాలకి ఏళ్ల తరబడి కటకట తప్పలేదు. 2020లో కరోనా, అల్లర్లు, ఎన్నికలు కలిసొచ్చాయి. అంతకుముందు 20 సెంట్ల దగ్గరున్న 9 ఎంఎం రౌండు (అంటే ఒక తూటా) 2021 మొదట్లో 70 సెంట్ల దాకా పోయింది. 2023 కల్లా మళ్లీ 25 సెంట్ల దగ్గరికి దిగింది. అంటే 3,500 డాలర్లు పోసి 5,000 రౌండ్లు కొన్నవాళ్ల సరుకు 1,250కి వచ్చింది. దానిమీద కార్డు వడ్డీ వేరే!

2023 జులైలో ఇండియా బియ్యం ఎగుమతి ఆపిందనగానే ఇక్కడి ఇండియన్ స్టోర్లలో సోనామసూరి బస్తాల కోసం ఎలా తోసుకున్నామో గుర్తుందిగా? ఆ బియ్యం వండుకుని తినేశాం. తూటాలు మిగిలితే ఎవరికి అమ్ముతారు? పోస్టులో పంపడానికి వీల్లేదు. షాపువాళ్లు మీ దగ్గర రిటైల్ ధరకి కొనరు. దొరికినవాడికి అమ్మేద్దామంటే, కొనేవాడికి వాటిని ఉంచుకునే అర్హత ఉందో లేదో మీకేం తెలుస్తుంది?

పోనీ తుపాకుల కంపెనీల షేర్లు కొందామంటారా? 2016 నవంబరులో హిల్లరీ గెలుస్తారని, ఆ భయంతో అమ్మకాలు పెరుగుతాయని చాలామంది లెక్క వేసుకున్నారు. ట్రంప్ గెలిచాడు. మర్నాడే స్మిత్ అండ్ వెసన్, రూగర్ షేర్లు పది శాతానికి పైగా పడ్డాయి. రెమింగ్టన్ 2018లో దివాలా తీసి, అమ్మకాలు జోరుమీదున్న 2020లోనే మళ్లీ దివాలా తీసింది.

షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు చేస్తుంటే మూడు నాలుగు నెలలకి సరిపడా కొనండి, రొక్కం పెట్టి, ధర చల్లగా ఉన్నప్పుడు. పిల్లలుంటే తాళంలో పెట్టండి. మీ వాటాకి అనుకున్న 2,500 డాలర్లతో ముందు పాత కార్డు బాకీ తీర్చండి. బాకీ లేకపోతే ఆ డబ్బు ఎమర్జెన్సీ ఫండ్‌లో వేయండి.

ఇంకోమాట. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా అక్కడి ఎయిర్‌పోర్టులో బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు.