అవరోధం లోపల ఎంతసేపు?

తమ్ముడూ,

క్వాంటమ్ టన్నెలింగ్ మీద, అంటే దాటడానికి చాలినంత శక్తి లేని కణం కూడా అవరోధానికి అవతల తేలడం మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. విషయం మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మొదటి పేరాలో గోడకు కొట్టిన బంతి పోలికతో మొదలుపెట్టి, చివరిదాకా ఆ పోలిక దగ్గరే ఉండిపోయావు. బంతి గోడలోంచి అవతలికి వెళ్లిపోవడమే వింత అని ముగించావు. చదివేవాళ్లు అడగబోయేది ఆ తర్వాతి ప్రశ్న: వెళ్తున్నప్పుడు ఏం జరిగింది, ఎంతసేపు పట్టింది? వ్యాసం అక్కణ్ణించి నడవాలి.

మళ్లీ రాసేముందు ఒకసారి లెక్క నడిపి చూడు. కణపు తరంగం కాలంతో ఎలా మారుతుందో చెప్పే ష్రోడింగర్ సమీకరణాన్ని చిన్న చిన్న కాలపు అంగలుగా కంప్యూటర్‌తో చేయించవచ్చు. గోల్డ్‌బర్గ్, షే, ష్వార్ట్జ్ 1967లోనే దీన్ని సినిమాలా ఫ్రేము ఫ్రేముగా చూపించారు. ఇవాళ నీ ల్యాప్‌టాప్ చాలు. ఇలా అంగలుగా లెక్కించే క్రాంక్-నికల్సన్ పద్ధతి వాడితే, కణం ఎక్కడో ఒకచోట ఉండే మొత్తం సంభావ్యత 1 దగ్గర నిలబడుతుంది. నిలబడలేదంటే ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది.

అప్పుడు నీ కంటికి కనిపించింది రాయి. వేవ్ ప్యాకెట్ (కణాన్ని సూచించే తరంగాల గుంపు) ముందు అంచు అవరోధాన్ని తాకుతుంది. వెనక్కి మళ్లిన తరంగం, ఇంకా వస్తున్న తరంగం కలిసి అవరోధం ముందు చారలు కడతాయి. లోపలికి వెళ్లేకొద్దీ తరంగం ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గిపోతుంది. కాసేపటికి అవతల ఒక చిన్న ముద్ద తేలి ముందుకు కదులుతుంది, మిగతాదంతా వెనక్కి పోతుంది. కణం మాత్రం రెండుగా చీలదు. డిటెక్టర్ పెడితే ఏదో ఒక వైపే, పూర్తిగా దొరుకుతుంది.

"శక్తి కోల్పోయి బయటపడుతుంది" అన్న నీ వాక్యం కొట్టెయ్. ప్యాకెట్‌లో రకరకాల శక్తులుంటాయి, వాటిలో ఎక్కువ శక్తి ఉన్నవే అవరోధాన్ని సులువుగా దాటతాయి. కాబట్టి అవతల తేలిన ముద్ద సగటు శక్తి వచ్చినదానికంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

ఆల్ఫా క్షయం, అంటే పరమాణు కేంద్రకం నుంచి ఆల్ఫా కణం బయటపడటం గురించి రెండు వాక్యాలతో సరిపెట్టావు. అక్కడ ఆగాలి. 1928లో గామోవ్, విడిగా గర్నీ, కాండన్ దీన్ని టన్నెలింగ్‌తో వివరించారు. యురేనియం-238 నుంచి వచ్చే ఆల్ఫా కణం శక్తి సుమారు 4.2 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), అర్ధాయువు (సగం పరమాణువులు క్షయం కావడానికి పట్టే కాలం) దాదాపు 450 కోట్ల సంవత్సరాలు. పొలోనియం-212ది సుమారు 8.8 ఎంఈవీ, అర్ధాయువు సెకనులో పది లక్షలవ వంతు కూడా లేదు. శక్తి రెట్టింపుకు కాస్త ఎక్కువైందంతే! కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో ఇంకా తవ్వుకోవడానికి యురేనియం మిగిలి ఉందంటే ఆ అవరోధం అంత గట్టిది కాబట్టే. ఈ అంకెలు పక్కపక్కన పెట్టు, విశేషణాలు అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు, కాలం. అవరోధం మందం పెంచుతూ పోతే ఒక దశ తర్వాత కణం అవతలికి చేరే ఆలస్యం పెరగడం ఆగిపోతుందని 1962లో హార్ట్‌మన్ లెక్కగట్టాడు. 1993లో బర్క్‌లీలో స్టైన్‌బర్గ్, క్వియాట్, చియావో కాంతి కణాలైన ఫోటాన్లతో కొలిచారు. అవరోధం దాటిన ఫోటాన్లు గాలిలో అంతే దూరం వెళ్లినవాటికంటే సగటున 1.5 ఫెమ్టోసెకన్ల ముందు చేరాయి (ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతులో వెయ్యో వంతు). ఇది చదవగానే "కాంతిని మించిన వేగం" అని శీర్షిక పెట్టాలనిపిస్తుంది. పెట్టకు. బయటికొచ్చిన ముద్ద శిఖరం, లోపలికెళ్లిన ప్యాకెట్ శిఖరం నుంచి పుట్టింది కాదు, ఎక్కువగా ముందు భాగం నుంచి రూపుదిద్దుకుంది. శిఖరాల మధ్య తేడాతో ఏ సందేశమూ కాంతికంటే ముందు చేరదు. ఈ సంగతి చెప్పకుండా ఆ అంకె ఒక్కటే ఇస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

అదే స్టైన్‌బర్గ్ బృందం 2020లో టొరంటోలో రుబీడియం పరమాణువులతో చేసిన ప్రయోగానికి ఒక పేజీ ఇవ్వు. లేజర్ కాంతితో 1.3 మైక్రోమీటర్ల అవరోధం కట్టి, పరమాణువు ఆ అవరోధం లోపల ఉన్నంతసేపే దాని స్పిన్ (చిన్న అయస్కాంతం లాంటి లక్షణం) దిశ తిరిగేలా ఏర్పాటు చేశారు. బయటికొచ్చాక స్పిన్ ఎంత తిరిగిందో చూస్తే లోపల గడిపిన సమయం తెలుస్తుంది. వచ్చింది 0.61 మిల్లీసెకన్లు. ఇది శిఖరం ఎప్పుడు చేరిందన్న కొలత కాదు, లోపల ఎంతసేపుందన్న కొలత. ఈ రెండు ప్రశ్నలూ వేరని స్పష్టంగా రాస్తే నీ వ్యాసం సగం గెలిచినట్టే.

రెండు అవరోధాల మధ్య తరంగం చిక్కుకుని, పేరుకుని, మెల్లగా కారే రెజొనెంట్ టన్నెలింగ్‌ను ఇందులో ఇరికించకు. 1973లో త్సు, ఎసాకి లెక్కలతో మొదలుపెట్టి దాన్ని వేరే వ్యాసంగా రాయొచ్చు. ముందు దీన్ని సరిచేసి, నువ్వు గీసిన గ్రాఫులతో సహా పంపు.

మీ అన్నయ్య