అసెంబ్లీ లైన్ ఆధునికీకరణకి ముందుగా కన్వేయర్ కొనాలా?

చిన్న కంట్రోల్ ప్యానెళ్ళు బిగించే లైన్లో మధ్యాహ్నం దాటాక ఉత్పత్తి పడిపోతోందని, ఆడవాళ్ళు భుజం నొప్పి అంటున్నారని, కన్వేయరో రోబోనో పెడితే బాగుపడుతుందా అని అడిగారు. నాకైతే ఆ రెండూ ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. శ్రీసిటీలో విడిభాగాల లైన్లు చూసుకున్న అనుభవంతో చెప్తున్నా, కన్వేయర్ కొటేషన్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

టేపు తీసుకుని లైన్లోకి వెళ్ళి, పని జరిగేటప్పుడు చెయ్యి ఏ ఎత్తులో ఉందో కొలవండి. బల్ల ఎత్తు కాదు. బల్ల 90 సెంటీమీటర్లే ఉండొచ్చు, కానీ దాని మీద ఫిక్చర్ (పీసుని కదలకుండా పట్టే అమరిక), ఆ పైన పీసు. చివరికి చేతులు ఛాతీ దాకా లేస్తాయి. షిఫ్టంతా మోచేతులు ఎత్తి పట్టుకుంటే భుజం నొప్పి రాకేం చేస్తుంది? మామూలు బిగింపు పని మోచేతి ఎత్తులో, లేదా కాస్త కిందగా ఉండాలి. కళ్ళు పెట్టి చేసే సన్న పని మాత్రం కొంచెం పైకి. మేం ఒక లైన్లో బల్లల కాళ్ళు కోయించాం, అంతే. ఇదేం కొత్త విద్య కాదు. 1914లోనే ఫోర్డ్ కార్ల వాళ్ళు అమెరికాలోని తమ హైలండ్ పార్క్ ఫ్యాక్టరీలో లైన్‌ని నడుం ఎత్తుకి లేపి, నేల నుంచి పొడుగువాళ్ళకి 26¾ అంగుళాలు, పొట్టివాళ్ళకి 24½ అంగుళాలు అని రెండు లైన్లు వేశారు.

తర్వాత పవర్ స్క్రూడ్రైవర్. స్క్రూ పైనుంచి కిందికి బిగించాల్సిన చోట పిస్టల్ రకం ఇస్తే మణికట్టు వంగుతుంది. అక్కడ నిలువు రకం ఇచ్చి, దాని బరువు చేతి మీద పడకుండా పైనుంచి మోసే స్ప్రింగు బ్యాలెన్సర్‌కి వేలాడదీయండి. టార్క్ (తిప్పే బలం) ఎక్కువైతే ఆ తిప్పుడుని తను కాచుకునే కడ్డీ, అంటే రియాక్షన్ ఆర్మ్ పెట్టండి, బిగుసుకున్నప్పుడు కొట్టే కుదుపు చేతికి తగలదు.

విడిభాగాలుండే బిన్లు మోచెయ్యి ఒంటికి ఆనించి ఉంచితే అందేంత దగ్గరకి జరపండి. వెనక నుంచి నింపే వాలు ర్యాకులు పైపులతో మీరే కట్టించుకోవచ్చు.

బరువులెత్తే చోటే మెషిన్ గురించి ఆలోచించండి, అదీ లెక్కేశాక. కార్మికుల ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ (NIOSH) సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటేనే మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. పెట్టె పట్టుకున్న చేతులు చీలమండల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో కాక 50లో ఉంటే, అది పదకొండున్నరకి పడిపోతుంది. ప్యాలెట్‌ని ముందుకు జరపడానికి ఖర్చేముంది?

ఒక్క మాట, నొప్పి ఎక్కడని సూపర్‌వైజర్ చేత అడిగించకండి. ఓవర్‌టైమ్ పోతుందేమోనని ఎవరూ చెప్పరు. మనిషి బొమ్మ ఉన్న కాగితమిచ్చి, పేరు రాయకుండా టిక్కు పెట్టమనండి. కుర్చీలిస్తే నిద్రపోతారనే మేనేజర్లుంటారు. నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటుండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్లోనే రాశారని వాళ్ళకి చూపించండి.

ఇవన్నీ అయ్యాక స్టేషన్ల టైములు, అంటే లైన్లో ఒక్కో మనిషి పనిచేసే చోట ఒక్కో పీసుకి పట్టే సమయం తీయండి. 8 గంటల షిఫ్టులో భోజనం, టీలకి 50 నిమిషాలు పోతే మిగిలేది 25,800 సెకన్లు. రోజుకి 600 పీసులు కావాలంటే ఒక్కోదానికి 43 సెకన్లు. ఏ స్టేషన్ అయినా 55 తీసుకుంటుంటే, కన్వేయర్ వేసినా పీసులు దాని ముందే పోగుపడతాయి. ఆ స్టేషన్ పని విడగొట్టి పక్కవాళ్ళకి పంచండి. అన్నీ 43 లోపుకి వచ్చాక కూడా పీసులు మోయడానికే మనిషి కావాల్సి వస్తుంటే, అప్పుడు కన్వేయర్ వాళ్ళని పిలవండి.