డిస్క్ 100 శాతం అని చూపిస్తోందా? ఫార్మాట్ కంటే ముందు పక్కనున్న అంకెలు చదవండి

మీరు చెప్పింది ఇదీ: 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్. ఆన్ చేసింది మొదలు డిస్క్ లైటు ఆరదు, బ్రౌజర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది, షాపులో ఫార్మాట్ చేయించమన్నారు. అప్పుడే చేయించకండి. డిస్క్ పాడవుతూ ఉంటే ఫార్మాట్‌తో బాగుపడదు, ఉన్న డేటా పోతుంది.

టాస్క్ మేనేజర్‌లో కనిపించే 100 శాతం డిస్క్ నిండిందని కాదు, దానికి క్షణం కూడా ఖాళీ లేదని. పని ఎక్కువై ఖాళీ లేదా, కొద్దిపాటి పనికే అంతసేపు పడుతోందా అన్నది తేలాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ తెరవండి. అక్కడ రీడ్, రైట్ స్పీడ్‌లతో పాటు యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఉంటుంది.

స్పీడ్ 80, 100 ఎంబీ దాకా ఉంటే ఏదో ప్రోగ్రామ్ పెద్ద ఫైల్‌ను చదువుతోంది, డిస్క్ బాగానే ఉంది. స్పీడ్ ఒకటి రెండు ఎంబీలే ఉండి, రెస్పాన్స్ వంద, రెండు వందల మిల్లీసెకన్లలో ఉంటే చిన్న చిన్న ముక్కల కోసం డిస్క్‌లో డేటా చదివే హెడ్ అటూ ఇటూ తిరుగుతోందని అర్థం. 5400 ఆర్పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్క్ ఇలాంటి చదువులు సెకనుకు వందకు అటూ ఇటూ మాత్రమే చేయగలదు. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే సెకనుకు 400 కేబీ. అందుకే అంకె చిన్నదే, మిషన్ మాత్రం కదలదు. ఇక స్పీడ్ దాదాపు సున్నా, రెస్పాన్స్ వేల మిల్లీసెకన్లు ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ముఖ్యమైన ఫైల్స్ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

డిస్క్‌ను ఎవరు వాడుతున్నారో రిసోర్స్ మానిటర్ చెబుతుంది. స్టార్ట్‌లో resmon అని ఇంగ్లీషులో కొట్టి, డిస్క్ ట్యాబ్‌లో టోటల్ కాలమ్ మీద నొక్కితే ఎక్కువ వాడే ఫైల్స్ పైకి వస్తాయి. పైన ఎప్పుడూ పేజ్‌ఫైల్ కనిపిస్తే మీ జబ్బు డిస్క్‌ది కాదు, ర్యామ్‌ది. 4 జీబీ చాలక విండోస్ మిగతాదాన్ని డిస్క్ మీదకు నెడుతోంది. విండోస్ అప్‌డేట్, డిఫెండర్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్ అయితే చార్జర్ పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. మధ్యలో ఆపేస్తూ ఉంటే మర్నాడు మళ్లీ మొదలుపెడతాయి. తరచూ వాడే ప్రోగ్రామ్‌లను ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టే సిస్‌మెయిన్ సర్వీస్‌ను ఆపితే ఇంత తక్కువ ర్యామ్ ఉన్న మిషన్‌లో కొంత ఊరట ఉండొచ్చు. అమీర్‌పేటలో కోర్సులు చేసినవాళ్ల ల్యాప్‌టాప్‌లలో ఇంకొకటి తప్పకుండా చూడాలి: ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్ సర్వీసులు బూట్ అయిన ప్రతిసారీ వాటంతటవే మొదలవుతాయి. వాటిని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చండి.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. దాన్ని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ ఉచితం. అందులో 05, సీ5, సీ6 వరుసల్లో చివరనున్న రా విలువ చూడండి, డిస్క్‌లో పాడైన, అనుమానం ఉన్న సెక్టార్ల (డేటా ఉండే చిన్న గడుల) లెక్క అదే. సున్నా కాకపోతే జాగ్రత్త. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు సీ5లో ఒకటో రెండో చేరొచ్చు, కానీ వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మకూడదు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు సాధారణంగా కేబుల్‌ది, డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ మారిస్తే సరిపోవచ్చు. బ్యాకప్ లేకుండా విండోస్‌లోని డిస్క్ తనిఖీ కమాండ్ చెక్‌డిస్క్‌ను ఆర్ స్విచ్‌తో (chkdsk /r) నడపొద్దు. అది ప్రతి సెక్టారూ చదువుతుంది, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను ఆ పనే ముగించేయొచ్చు.

డిస్క్ బాగున్నా సరే, నా మాట ఒకటే: విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) మీదకు మార్చండి, ర్యామ్ 8 జీబీ చేయండి. డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లేముందు మూడు విషయాలు రాసుకోండి. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ దగ్గర ఒకటా రెండా, ర్యామ్ రకం డీడీఆర్3ఎల్ లేక డీడీఆర్4, ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాట్ (చిన్న కార్డులాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉందా. ఉంటే అది సాటా రకం ఎస్‌ఎస్‌డీకా, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకానికా అన్నది మోడల్ మాన్యువల్‌లో చూడాలి, స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని కాదు. స్లాట్ లేకపోతే 2.5 అంగుళాల, 7 మిల్లీమీటర్ల సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ స్థానంలోనే కూర్చుంటుంది. 256 జీబీ విండోస్‌కు చాలు.

సీ5 సున్నా అయితే క్లోన్ చేయండి (పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఎస్‌ఎస్‌డీలోకి దించడం), కాకపోతే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఫైల్స్ మాత్రం తెచ్చుకోండి. క్లోన్‌కు ముందు డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ప్రాసెసర్ ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ పైది అయితే కొత్త ఎస్‌ఎస్‌డీ మీద నేరుగా విండోస్ 11 వేసుకోవడం మేలు.