పీఎస్2 ఆటలు ఆడబోయే మేనకోడలికి

చి. హారికకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన ఆటల పట్టీ చూశాను. బీటెక్ అయిపోయింది, గేమ్ డిజైన్ చదవబోతున్నావు, ఆ చదువు మొదలయ్యేలోపు పీఎస్2 (సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 2) కాలం నాటి గొప్ప ఆటలన్నీ ఆడేయాలని నీ ఆలోచన. వినగానే చాలా సంతోషం వేసింది. అక్కయ్యపాలెంలో మన వీడియో గేమ్ పార్లర్ మూసేశాక మిగిలిన పీఎస్2 సెట్టు, రెండు కంట్రోలర్లు, డబ్బా టీవీ నీకే ఇస్తాను. కానీ ఆ పట్టీ పక్కన పెట్టు. అందులో నలభై పేర్లున్నాయి. గబగబా ఆడేస్తే కథలు గుర్తుంటాయి గానీ ఆటను ఎలా కట్టారో తెలియదు. ఏడెనిమిది చాలు. ఒక్కోదాని ముందు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చో: వీళ్ళ దగ్గర ఏం లేదు, లేకుండానే ఎలా నెట్టుకొచ్చారు?

ఆ సెట్టు 2000 మార్చి 4న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. డ్రీమ్‌కాస్ట్, గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్ అనే సెట్లు కూడా ఆ తరానివే, వాటిలోనూ మంచి ఆటలున్నాయి. మా పార్లర్లలో మాత్రం అందరూ అడిగింది పీఎస్2నే. ప్రపంచమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని మెయిన్ మెమరీ 32 ఎంబీ. బొమ్మలు గీసే చిప్‌కి విడిగా 4 ఎంబీ. ఇప్పుడు నీ ఫోన్‌తో తీసే ఫొటోలు ఓ పది చేరితే ఆ 32 నిండిపోతుంది. అంత చోటులో ఊళ్ళకు ఊళ్ళు, కొండంత రాక్షసులు, గంటలకొద్దీ సంగీతం ఎలా పట్టించారో చూడటానికే నువ్వు కూర్చోవాలి.

ముందు సెట్టు సంగతి చెప్తాను, ఎందుకంటే సెట్టు సరిగ్గా లేకపోతే ఆట నీకు తప్పుగా అర్థమవుతుంది. మీ ఇల్లు పెదవాల్తేరులో, సముద్రానికి బాగా దగ్గర. ఉప్పుగాలికి కంట్రోలర్ పిన్నులు, మెమరీ కార్డు పట్టీలు పచ్చబడతాయి. వానాకాలం తేమకి లెన్స్ మసకబారుతుంది. ఆడటం అయిపోయాక సెట్టు చల్లారనిచ్చి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ సంచులు అందులో నాలుగు పడెయ్యి. సీడీ చదవకపోతే ప్లగ్గు పీకి, దూదిపుల్లకి ఐసోప్రోపైల్ ఆల్కహాల్ కాస్త అద్ది లెన్స్ మీద మెల్లగా తుడువు, చాలు. లోపలున్న చిన్న స్క్రూ తిప్పి లేజర్ పవర్ పెంచితే బాగవుతుందని ఎవరైనా చెబితే వినకు. కొన్నాళ్ళు చదువుతుంది, ఆ తర్వాత లేజరే పోతుంది.

మీ హాల్లో ఉన్న పెద్ద ఎల్‌ఈడీ టీవీకి పెట్టకు. ఆ టీవీ లోపల బొమ్మను సాగదీసి, శుభ్రం చేసి చూపించేసరికి కొంత ఆలస్యమవుతుంది. నువ్వు బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద చెయ్యి కదిలే క్షణానికీ మధ్య తేడా వస్తుంది. ఆట బరువుగా ఉంది, కంట్రోల్స్ బాగోలేవు అనుకుంటావు, తప్పు టీవీది. డబ్బా టీవీలో ఆ ఆలస్యం దాదాపు ఉండదు. పైగా టైమ్ క్రైసిస్ లాంటి, బొమ్మ తుపాకీని తెరకేసి గురిపెట్టి ఆడే ఆటలు డబ్బా టీవీ మీద తప్ప పనిచెయ్యవు. ఇంకో మాట, మన దేశంలో అమ్మిన సెట్లు పాల్ (PAL) అనే టీవీ పద్ధతివి, సెకనుకు 50 సార్లు బొమ్మ మారేవి. కొన్ని ఆటలు మొదట్లో 50 కావాలా 60 కావాలా అని అడుగుతాయి. నీ టీవీ పట్టుకోగలిగితే 60 ఎంచుకో. 50లో కొన్ని ఆటలు నిజంగానే నెమ్మదిగా నడుస్తాయి.

కంట్రోలర్ మాత్రం అసలుదే వాడు. నకిలీలు చవగ్గా దొరుకుతాయి, చూడటానికి తేడా తెలియదు. డ్యూయల్‌షాక్ 2లో బటన్లు ఎంత గట్టిగా నొక్కావో కూడా సెట్టుకి చెప్తాయి. మెటల్ గేర్ సాలిడ్ 3 అనే ఆటలో తుపాకీ ఎత్తి గురిపెట్టాక బటన్‌ని మెల్లగా వదిలితే హీరో కాల్చకుండా కిందికి దించుతాడు, ఠక్కున వదిలితే పేలుతుంది. శత్రువుని చంపాలా వద్దా అన్న నిర్ణయం నీ బొటనవేలి కింద ఉంటుంది. నకిలీ కంట్రోలర్‌తో ఆడితే ఆ సంగతి నీకు ఎప్పటికీ తెలియదు.

ఇక ఆటలు. మొదటిది ఇకో, 2001లో వచ్చింది, ఫుమితో ఉయేదా బృందం చేసింది. కొమ్ములున్న ఒక పిల్లాడు, యోర్డా అనే అమ్మాయి, పెద్ద పాడుబడ్డ కోట. ఒకరి భాష ఒకరికి రాదు. తెర మీద ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత లేదు, అంకెలు లేవు, మూల మ్యాప్ లేదు. కంట్రోలర్ ముందు అంచున ఉండే ఆర్1 బటన్ నొక్కి పట్టుకుంటే పిల్లాడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు, వదిలితే చెయ్యి వదిలేస్తాడు. ఆటంతా ఆ ఒక్క బటన్ మీద నిలబడింది. పరిగెత్తేటప్పుడు ఆమె వెనక్కి లాగినట్టు కంట్రోలర్ అదరడం గమనించు. సేవ్ చేయాలన్నా ఇద్దరూ రాతి సోఫా మీద పక్కపక్కన కూర్చోవాలి, అంటే ఆమె లేకుండా సేవ్ కూడా లేదు. ఈ ఆటని మొదట పాత ప్లేస్టేషన్ మీద మొదలుపెట్టి తర్వాత పీఎస్2కి మార్చారు. అనవసరమైనది ఒక్కొక్కటీ తీసేస్తూ పోవడమే ఉయేదా పద్ధతి. ఆడుతూ ఒక కాగితం మీద రాసుకో: మామూలు ఆటల్లో ఉండి ఇందులో లేనివి ఏవేవి? ఆ కాగితం పొడుగవుతున్నకొద్దీ నీకు ఆట అర్థమవుతుంది.

ఇకో పూర్తయ్యాకే షాడో ఆఫ్ ది కొలోసస్ పట్టుకో. అదే బృందం, 2005. నా వరకు ఆ తరంలో దీన్ని మించింది లేదు. అంత పెద్ద నేల మీద కొట్టడానికి చిన్నాచితకా శత్రువులే లేరు. ఉన్నవి పదహారు మహాకాయాలు, అంతే. మిగతా అంతా గడ్డి, రాయి, గాలి, నువ్వు, ఆగ్రో అనే గుర్రం. ఎండలో కత్తి ఎత్తితే వెలుగు గీత ఎటు వెళ్ళాలో చూపిస్తుంది. బాణం గుర్తులతో దారి చూపించే పని వెలుగుతో చేయించారు. ఒక్కో మహాకాయం శత్రువూ అదే, ఎక్కవలసిన కొండా అదే. వెంట్రుకలు పట్టుకుని వేలాడుతూ పైకి పాకాలి, పట్టు సడలేలోపు నిలబడే చోటు వెతుక్కోవాలి. ఇక్కడ కూడా ఆర్1నే నొక్కి పట్టుకోవాలి. ఇకోలో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్న వేలే ఇక్కడ ప్రాణం కోసం పట్టుకుంటుంది. వరసగా ఆడితేనే ఈ బంధం తెలుస్తుంది, అందుకే సీడీలన్నీ ఒకేసారి ఇవ్వను.

ఆ ఆట పీఎస్2 శక్తికి మించింది. పెద్ద మహాకాయాలు కదిలేటప్పుడు బొమ్మ తడబడుతుంది, నీకూ కనిపిస్తుంది. 2018లో పీఎస్4 కోసం దాన్ని మళ్ళీ కొత్తగా చేశారు, చూడటానికి చాలా బాగుంటుంది, అయినా ముందు పాతదే ఆడు. ఆ తడబాటు దగ్గరే చేసినవాళ్ళు దేన్ని వదులుకున్నారో, దేనికోసం పంతం పట్టారో కనిపిస్తుంది. గుర్రం ఒక్కోసారి చెప్పిన మాట వినదు. చాలామంది విసుక్కున్నారు. నాకు మాత్రం అది బొమ్మ కాదు, ప్రాణి అనిపించింది. నీకు ఏమనిపిస్తుందో నువ్వే చూసుకో.

మెటల్ గేర్ సాలిడ్ 3 (2004) గురించి పైన కొంత చెప్పాను. హిదియో కోజిమా చేశాడు. అందులో అడవిలో దాక్కుని గురిచూసి కాల్చే ముసలివాడు ఒకడున్నాడు, పేరు ది ఎండ్. అతనితో పోరు మధ్యలో సేవ్ చేసి, సెట్టు ఆపేసి, వారం తర్వాత మళ్ళీ పెడితే ఆయన వృద్ధాప్యంతో చనిపోయి ఉంటాడు. సెట్టులో గడియారం ముందుకి జరిపినా అంతే. ఆట బయట గడిచే కాలాన్ని ఆటలోకి లాక్కొచ్చిన ఆలోచన అది. మన సెట్టు లావుది, లోపల గడియారం కోసం ఒక చిన్న గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే తేదీ నిలవదు. దాన్ని మార్చి ఉంచాను. పోరు మాత్రం ఒకసారి న్యాయంగా, ఓపికగా పోరాడి గెలువు. అడవిలో పాదముద్రలు, వినిపించే ఊపిరి, అద్దం మెరుపు, ఇవన్నీ చూసి ఆ మనిషిని వెతకడంలో ఉన్న ఆనందం వదులుకోకు.

జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) తప్పదు, తమ్ముడు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం పెట్టకు, అవి పెద్దవాళ్ళ ఆటలు. 2001లో జీటీఏ 3 వచ్చినప్పుడు ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చన్నది చూసి అందరం నోళ్ళు తెరిచాం. ఆ తర్వాత వైస్ సిటీ, 2004లో శాన్ ఆండ్రియాస్. నువ్వు మాత్రం కాల్పులు వదిలేసి కారు నడుపు. ఊరంతా 32 ఎంబీలో పట్టదు కాబట్టి, ఆట నువ్వు వెళ్తున్న వైపు వీధుల్ని సీడీ నుంచి అప్పటికప్పుడు చదివి, వెనక వదిలేసినవాటిని తీసేస్తుంటుంది. జీటీఏ 3లో ఊరిని మూడు దీవులుగా ఎందుకు విడగొట్టారు, మొదట్లో వంతెన ఎందుకు కూలగొట్టారు అని ఆలోచించు. శాన్ ఆండ్రియాస్‌లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆగకుండా వెళ్ళొచ్చు. మధ్యలో కొండలు, మెలికల దార్లు, దూరాన్ని కప్పేసే మసక. సైలెంట్ హిల్ అనే భయపెట్టే ఆటల్లో మొదటిదానిలోనూ ఇలాగే పొగమంచు మెషీన్ చేతకానితనాన్ని కప్పింది. 2001లో రెండోది వచ్చేసరికి ఆ పొగమంచే భయానికి ఊపిరైంది.

రెసిడెంట్ ఈవిల్ 4 మొదటి ఊరి దృశ్యం వరకైనా ఆడు. కెమెరాని మనిషి భుజం వెనక్కి తెచ్చి 2005లో షిన్జీ మికామీ బృందం కట్టిన తీరుని ఆ తర్వాత వచ్చిన తుపాకీ ఆటలు ఎన్నో అనుసరించాయి. కతమారి డమాసీ (2004) రెండు చిన్న స్టిక్కులతో ఉండ దొర్లించే ఆట, నీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆడు. దాన్ని చేసిన కెయితా తకహాషి శిల్పకళ చదువుకున్నవాడు. కారు ఆటల్లో గ్రాన్ టూరిస్మో 3 ఒకటి చాలు.

ఒంటరిగా ఆడేవి ఇవి. పార్లర్‌లో మాత్రం కుర్రాళ్ళు గంట లెక్కన డబ్బులిచ్చి ఆడింది వేరే ఆటలు: రెజ్లింగ్‌లో హియర్ కమ్స్ ది పెయిన్, టెక్కెన్ 5, క్రికెట్ 07. వీటి గురించి గొప్పగా రాసేవాళ్ళు తక్కువ, నేను మాత్రం వీటిని కిందికి తోసెయ్యను. ఆడేవాళ్ళు ఇద్దరైతే వెనక నిలబడి చూసేవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురికి కూడా ఆట అర్థమవ్వాలి, ఉత్సాహం రావాలి. టెక్కెన్‌లో దెబ్బ తగలగానే వచ్చే మెరుపు, చప్పుడు ఎంత దూరం నుంచైనా తెలుస్తాయి. నీ స్నేహితురాళ్ళని పిలిచి ఒక సాయంత్రం ఆడించు, నువ్వు ఆడకుండా వెనక కూర్చుని వాళ్ళ ముఖాలు చూడు.

మన తెలుగువాళ్ళ చేతి పనీ ఆ సెట్టు మీద ఉంది. 2009లో హైదరాబాద్‌లోనే చేసిన హనుమాన్: బాయ్ వారియర్, దేశీ అడ్డా రెండూ పీఎస్2 మీద వచ్చాయి. దేశీ అడ్డాలో చెడుగుడు, బిళ్ళంగోడు, గాలిపటాలు ఉన్నాయి. పైన చెప్పిన జపాన్ ఆటలతో పోలిస్తే అవి నిలవవు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. అయినా ఆడు. మనం చిన్నప్పుడు మట్టిలో ఆడిన ఆటని బటన్లలోకి తెచ్చేటప్పుడు ఏది జారిపోయిందో వేరే దేశం వాళ్ళకంటే నీకు బాగా తెలుస్తుంది. చెడుగుడులో ఊపిరి బిగబట్టి కూత పెట్టడమే ప్రాణం. ఏ బటన్‌తో ఆ ఊపిరి చూపిస్తావు? ఇకో ఆడి వచ్చాక దీనికి జవాబు ఆలోచించు.

చివరగా ఒక పని అప్పజెప్తున్నాను. ఒక పెద్ద కాగితం తీసుకుని మన వైజాగ్‌ని పీఎస్2 ఆటగా గియ్యి. 32 ఎంబీ దాటడానికి వీల్లేదు. మన ఊరు ఈ పనికి భలే అనువైనది: ఒక పక్క సముద్రం, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన కైలాసగిరి, వాయవ్యాన సింహాచలం కొండలు. ఆటగాడు దాటలేని గోడల్ని ప్రకృతే కట్టి పెట్టింది. కష్టం బీచ్ రోడ్డు దగ్గర వస్తుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు చూస్తే చాలా దూరం కనిపిస్తుంది, అంత దూరం సెట్టు గియ్యలేదు. అక్కడ ఏం చేస్తావు? రోడ్డుని వంచుతావా, మంచు దించుతావా, వాన కురిపిస్తావా? జగదాంబ జంక్షన్‌లో జనం ఎంతమంది ఉంటే జగదాంబలా అనిపిస్తుంది, ఎంతమందిని సెట్టు మోయగలదు? సింహాచలం ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏ భాగం లోడ్ చేస్తావు? పాత ఊళ్ళో సందులు ఎన్ని వదిలేస్తావు, ఏ ఒక్క సందు వదిలితే వన్‌టౌన్ వాళ్ళకి కోపం వస్తుంది? స్కూటీ వేసుకుని తిరిగి చూసి గియ్యి, ఫోన్‌లో మ్యాప్ చూసి వద్దు.

ఆదివారం పొద్దున్నే రా, ఎండెక్కితే టీవీ మొయ్యడం కష్టం. నాన్నని తోడు తెచ్చుకో, ఆటో నేను మాట్లాడి ఉంచుతాను. ఇకో సీడీ, ఖాళీ మెమరీ కార్డు సెట్టుతోపాటే ఇస్తాను. అది పూర్తయ్యాక నువ్వు రాసిన కాగితం పట్టుకుని వస్తే రెండో సీడీ తీస్తాను.

ఇట్లు,
మీ మావయ్య